ఆన్‌లైన్‌లో త్రీ కార్డ్ పోకర్ ఆడటం ఎలా: మూడు ముక్కలాట తెలిసినవాళ్ల కోసం మొదటి నుంచి చివరి దాకా

క్యాసినో పోకర్ అనగానే చాలామందికి టెక్సాస్ హోల్డెమ్ గుర్తొస్తుంది. టేబుల్ చుట్టూ ఎనిమిది మంది, ఒకరి మొహం ఒకరు చదవడం, గుట్టలుగా చిప్స్. క్యాసినోల్లో ఇంకో రకం పోకర్ కూడా ఉంది, దాంట్లో మీకు ఎదురుగా వేరే ఆటగాళ్లు ఉండరు, డీలర్ ఒక్కరే ఉంటారు. ఈ రకంలో అన్నిటికంటే తేలిగ్గా వచ్చేది త్రీ కార్డ్ పోకర్. 1994లో డెరెక్ వెబ్ అనే బ్రిటిష్ ఆయన తయారుచేసిన ఆట ఇది. మన మూడు ముక్కలాటకి దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది కాబట్టి తెలుగువాళ్లు "ఓస్ ఇంతేనా" అని కూర్చుంటారు. కూర్చున్నాక మూడు ముక్కలాట అలవాట్లతోనే ఆడతారు, ఆ అలవాట్లే ఇక్కడ దెబ్బతీస్తాయి. అందుకే ఈ గైడ్‌లో రూల్స్‌తో పాటు ఏ అలవాటు ఎందుకు పనికిరాదో కూడా లెక్కలతో చెప్తాను.

ముందు చట్టం సంగతి

దీన్ని చివర్లో చిన్న అక్షరాల్లో పెట్టే ఉద్దేశం నాకు లేదు. మీరు ఇండియాలో ఉంటే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఈ ఆట ఆడే దారి లేదు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి. ఆ తర్వాత 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ అదే మాట చెప్పింది. ఇది నైపుణ్యం ఆట, అది అదృష్టం ఆట అనే పాత వాదన ఆ చట్టం ముందు నిలబడదు, డబ్బు పందెం ఉంటే చాలు నిషేధమే. అలాంటి ఆట నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. బ్యాంకులు, పేమెంట్ యాప్‌లు కూడా ఆ లావాదేవీలు చేయకూడదు.

ఇంత జరిగినా టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో "మా యాప్ విదేశీ లైసెన్స్‌తో నడుస్తుంది, పర్లేదు" అంటూ ఏపీకే ఫైల్ పంపేవాళ్లు తగులుతూనే ఉంటారు. దాన్ని ఇన్‌స్టాల్ చేయకండి. అక్కడ గెలిచినట్టు స్క్రీన్ మీద కనిపించిన డబ్బుని బయటికి తీయబోతే "ముందు ట్యాక్స్ కట్టండి" అని ఇంకాస్త గుంజుతారు, ఫిర్యాదు చేద్దామంటే ఎదుటివాడు ఏ దేశంలో ఉన్నాడో కూడా తెలీదు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫోన్ చేయండి.

డబ్బు లేకుండా ఉత్తుత్తి చిప్స్‌తో ఆడటం వేరే విషయం, దానికి అభ్యంతరం లేదు. ఈ గైడ్ మొత్తం అలా ఆడేవాళ్లకే. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్ లాంటి చోట్ల, లేదంటే బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లకి లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ క్యాసినోలు చట్టబద్ధంగానే అందుబాటులో ఉన్నాయి. న్యూజెర్సీలో 2013 నవంబర్ నుంచీ ఉన్నాయి, అక్కడ 21 ఏళ్లు నిండాలి. వాళ్ల కోసం చివర్లో కొన్ని మాటలు ఉన్నాయి.

మెట్టు 1: ఎక్కడ ఆడాలి

ప్లే స్టోర్‌లో గానీ యాప్ స్టోర్‌లో గానీ త్రీ కార్డ్ పోకర్ అని వెతికితే ఉత్తుత్తి చిప్స్‌తో ఆడే యాప్‌లు దొరుకుతాయి. బ్రౌజర్‌లోనే ఆడాలంటే విజార్డ్ ఆఫ్ ఆడ్స్ అనే సైట్‌లో ఫ్రీ గేమ్ ఉంది. మీరు తప్పు నిర్ణయం తీసుకుంటే హెచ్చరించే ఆప్షన్ ఉన్న ఆట దొరికితే వదలకండి, నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. ఎక్కడ ఆడినా పక్కన కనిపించే క్యాసినో ప్రకటనల మీద మాత్రం నొక్కకండి. చిప్స్ అయిపోతే "రూ.89కే లక్ష చిప్స్" అని యాప్ అడుగుతుంది. కొనొద్దు, రేపటికి మళ్లీ ఉచితంగానే ఇస్తుంది. ఫోన్‌లో కార్డు వివరాలు సేవ్ చేసి ఉంటే కొనుగోలుకి పాస్‌వర్డ్ తప్పనిసరి చేసి పెట్టుకోండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే.

మెట్టు 2: ఏ చేయి పెద్దది

52 ముక్కల పేక, జోకర్లు ఉండవు. మీకు మూడు, డీలర్‌కి మూడు. ఇలా వచ్చిన మూడు ముక్కల్ని కలిపి ఒక "చేయి" అంటారు. మూడు ముక్కలాట వచ్చినవాళ్లకి ఇక్కడ ముప్పావు వంతు తెలిసినట్టే, మిగిలిన పావు దగ్గరే తికమక పడతారు.

మనకి అన్నిటికంటే పెద్దది ట్రయల్, అంటే మూడు ఆసులో మూడు రాజులో. ఇక్కడ అది రెండో స్థానం. మొదటిది ప్యూర్ సీక్వెన్స్, ఒకే రంగులో వరసగా మూడు ముక్కలు. కారణం మామూలు లెక్కే. 52 ముక్కల్లోంచి మూడు తీయడానికి మొత్తం 22,100 రకాలు ఉంటే, వాటిలో ప్యూర్ సీక్వెన్సులు 48, ట్రయల్స్ 52. తక్కువగా వచ్చేది పెద్దది, అంతే. ఆ తర్వాత మనకి తెలిసిన వరసే: సీక్వెన్స్ (720), కలర్ (1,096), జత (3,744), చివరికి ఏమీ లేని ఉత్త చేయి (16,440). ఐదు ముక్కల పోకర్ ఆడి వచ్చినవాళ్లు కలర్ సీక్వెన్స్ కంటే పెద్దదనుకుంటారు, ఇక్కడ అది తిరగబడుతుంది. మూడే ముక్కలు కాబట్టి కలర్ పడటమే తేలిక.

ఇంకో తేడా. చాలా ఇళ్లల్లో ఆసు-2-3ని రెండో పెద్ద సీక్వెన్స్‌గా లెక్కేస్తారు కదా, ఇక్కడ అది అన్నిటికంటే చిన్న సీక్వెన్స్. ఆసు-రాజు-రాణి పెద్దది. ఇస్పేటు, ఆఠీను, డైమండ్, కళావరుల మధ్య పెద్దాచిన్నా తేడా లేదు.

పై అంకెలు ఇంకోసారి చూడండి. నాలుగు చేతుల్లో దాదాపు మూడు ఉత్త చేతులే. ఆరింటిలో ఒకటి జత. ట్రయల్ సగటున 425 చేతులకి ఒకసారి వస్తుంది. గంటసేపు ఏమీ పడలేదని యాప్ మోసం చేస్తోందనుకోకండి, ఆట తీరే అంత.

మెట్టు 3: ఒక చేయి మొదలు నుంచి చివరి దాకా

స్క్రీన్ మీద మీ ముందు మూడు గళ్లు కనిపిస్తాయి. యాంటీ, ప్లే, పెయిర్ ప్లస్. ప్రస్తుతానికి పెయిర్ ప్లస్ సంగతి మర్చిపోండి. యాంటీ గడిలో 10 చిప్స్ పెట్టి డీల్ నొక్కండి. మీ మూడు ముక్కలు తెరుచుకుంటాయి, డీలర్‌వి మూసే ఉంటాయి.

ఇప్పుడు మీకు రెండే దారులు. ఫోల్డ్ నొక్కితే ఆ 10 పోతాయి, చేయి అయిపోయింది. ప్లే నొక్కితే ఇంకో 10, యాంటీకి సరిగ్గా సమానంగా, ప్లే గడిలోకి వెళ్తాయి. ఎక్కువ పెట్టడానికి వీల్లేదు, తక్కువా కుదరదు. ఆ తర్వాత డీలర్ ముక్కలు తెరుస్తారు.

ఇక్కడే మూడు ముక్కలాటలో లేని రూల్ ఒకటి ఉంది. డీలర్ చేతిలో కనీసం రాణి ఉండాలి, లేదా జతో అంతకంటే పెద్దదో ఉండాలి. అప్పుడే డీలర్ "క్వాలిఫై" అయినట్టు. మీకు ఇస్పేటు రాణి, ఆఠీను 7, కళావరు 2 వచ్చాయి, ప్లే నొక్కారు అనుకుందాం.

డీలర్‌కి జాకీ-9-4 పడితే క్వాలిఫై కాలేదు. మీ యాంటీకి 10 గెలుపు వస్తుంది, ప్లేలో పెట్టిన 10 ఊరికే వెనక్కి వస్తాయి. టేబుల్ మీద పెట్టిన 20కి 30 చేతికొచ్చాయి.

డీలర్‌కి రాణి-6-5 పడితే క్వాలిఫై అయ్యారు, మీ రెండో ముక్క 7 కాబట్టి మీదే పైచేయి. యాంటీకి 10, ప్లేకి 10, మొత్తం 20 లాభం.

డీలర్‌కి రాణి-7-3 పడితే మొదటి రెండు ముక్కలు సమానం, మూడో ముక్కలో 3 కంటే మీ 2 చిన్నది. 20 పోయాయి. అన్నీ సమానమైతే రెండు పందేలూ వెనక్కి.

దీనిమీద యాంటీ బోనస్ అని ఒకటుంది, దానికి వేరే పందెం పెట్టక్కర్లేదు. మీకు సీక్వెన్స్ వస్తే యాంటీకి ఒకటింతలు, ట్రయల్‌కి నాలుగింతలు, ప్యూర్ సీక్వెన్స్‌కి ఐదింతలు అదనంగా ఇస్తారు. డీలర్ చేతిలో మీరు ఓడిపోయినా ఇది మాత్రం వస్తుంది. కొన్ని యాప్‌లలో, క్యాసినోల్లో ఈ పట్టిక ఇంతకంటే పిసినారిగా ఉంటుంది, ఆడబోయే ముందు రూల్స్ బటన్ నొక్కి చూసుకోండి.

మెట్టు 4: నేర్చుకోవాల్సిన నిర్ణయం ఒక్కటే

ప్లే చేయాలా, ఫోల్డ్ చేయాలా. ఈ ఆట మొత్తంలో మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే, దీనికి జవాబు ఎప్పుడో లెక్కగట్టి పెట్టారు: రాణి-6-4 లేదా అంతకంటే పెద్దదైతే ప్లే, చిన్నదైతే ఫోల్డ్.

దీన్ని ఎలా చదవాలంటే, జతో అంతకంటే పెద్దదో ఉంటే ఆలోచించక్కర్లేదు, ప్లే. ఆసు గానీ రాజు గానీ ఉంటే మిగతా రెండూ ఏవైనా సరే, ప్లే. మీ పెద్ద ముక్క రాణి అయితే రెండోది చూడండి: 7 లేదా ఆపైన ఉంటే ప్లే, 5 లేదా కిందికి ఉంటే ఫోల్డ్. రెండోది సరిగ్గా 6 అయితేనే మూడోదాని వైపు చూడాలి, 4 గానీ 5 గానీ అయితే ప్లే, 3 గానీ 2 గానీ అయితే ఫోల్డ్. జాకీ అంతకంటే చిన్న ఉత్త చేయి అయితే ఫోల్డ్. అంటే నూటికి సుమారు 67 చేతులు ఆడతారు, మిగతావి వదిలేస్తారు.

జాకీ చేతిని ఎందుకు వదిలేయాలి అని చాలామంది అడుగుతారు, "ఏమో, డీలర్‌కీ ఏమీ రాకపోవచ్చు కదా" అని. లెక్క చూద్దాం. డీలర్ నూటికి దాదాపు 70 సార్లు క్వాలిఫై అవుతారు. మీ దగ్గర జాకీ-9-3 ఉందంటే, క్వాలిఫై అయిన ప్రతి డీలర్ చేయీ మీ చేతిని కొట్టేస్తుంది, ఎందుకంటే అక్కడ కనీసం రాణి ఉంటుంది. అలాంటి వంద చేతులు ఒక్కో చిప్ యాంటీతో ఆడితే 30 సార్లు ఒక్కో చిప్ గెలుస్తారు, 70 సార్లు రెండేసి చిప్స్ పోతాయి. అంటే 30 వచ్చి 140 పోయాయి, నికరంగా 110 నష్టం. అవే వంద చేతులు ఫోల్డ్ చేస్తే 100 నష్టం. రెండూ నష్టాలే, చిన్న నష్టాన్ని ఎంచుకోవడమే ఇక్కడ ఆట. రాణి-6-4 దగ్గర ఈ త్రాసు ప్లే వైపు ఒరుగుతుంది, అక్కడి నుంచి పైకి ప్రతి చేతికీ ఫోల్డ్ కంటే ప్లేలోనే తక్కువ పోతుంది, ఇంకా పైకి వెళ్తే లాభమే వస్తుంది.

మెట్టు 5: మూడు ముక్కలాట అలవాట్లు వదిలించుకోవడం

మొదటిది బ్లైండ్. మన ఆటలో ముక్కలు చూడకుండా ఆడేవాళ్లు చూసినవాళ్లలో సగమే కడతారు, పైగా ఎదుటివాళ్లకి టెన్షన్. అందుకే బ్లైండ్ ఆడటానికి అక్కడ అర్థం ఉంది. ఇక్కడ చూడకుండా ఆడినా కట్టేది అంతే, ఎవరికీ టెన్షన్ లేదు. ప్రతి చేయీ కళ్లు మూసుకుని ప్లే కొడితే, నూరు చిప్స్ యాంటీకి సగటున 7.65 చిప్స్ ఇంటికి, అంటే క్యాసినోకి, పోతాయి. రాణి-6-4 పాటిస్తే అది 3.37కి తగ్గుతుంది. ఒక్క రూల్ గుర్తుపెట్టుకుంటే నష్టం సగానికి పైగా తగ్గిపోతుందంటే ఇంతకంటే ఏం కావాలి!

రెండోది బ్లఫ్. మూడు ముక్కలాటలో ఉత్త చేత్తో పందెం పెంచి ఎదుటివాళ్ల చేత ప్యాక్ చేయించొచ్చు, అసలు ఆ ఆట ప్రాణమే అది. డీలర్ ప్యాక్ చేయరు. లైవ్ వీడియోలో మనిషి కనిపించినా సరే, వాళ్ల ముక్కలు రూల్ ప్రకారం తెరవడమే వాళ్ల పని.

మూడోది "ఇందాకటి నుంచి పడలేదు, ఇప్పుడు పడుతుంది" అనే నమ్మకం. సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఆటలో ప్రతి చేతికీ 52 ముక్కలూ కొత్తగా కలుపుతారు, గత చేతిలో ఏం వచ్చిందో పేకకి గుర్తుండదు. ఓడిన ప్రతిసారీ యాంటీ రెట్టింపు చేస్తూ పోదామనే ఉపాయం కూడా దీని మీద కట్టిందే. 10తో మొదలుపెట్టి వరసగా ఏడుసార్లు పోగొట్టుకుంటే, ప్లే పందేలు లెక్కలోకి తీసుకోకపోయినా, 1,270 అయిపోతాయి. ఎనిమిదోసారికి టేబుల్ పరిమితి అడ్డొస్తుంది, లేదా మీ చిప్స్ అయిపోతాయి.

మెట్టు 6: పెయిర్ ప్లస్, మిగతా ఆకర్షణలు

పెయిర్ ప్లస్ విడి పందెం. డీలర్‌తో సంబంధం లేదు, మీ మూడు ముక్కల్లో జత లేదా అంతకంటే పెద్దది ఉంటే గెలుపు. మామూలుగా కనిపించే పట్టిక ఇది: జతకి 1, కలర్‌కి 4, సీక్వెన్స్‌కి 6, ట్రయల్‌కి 30, ప్యూర్ సీక్వెన్స్‌కి 40. ఇంకోచోట ఇదే పట్టిక ఉంటుంది, కలర్ దగ్గర మాత్రం 4 బదులు 3. ఒక్క అంకె తేడా ఎంత పని చేస్తుందో చూడండి. ఉన్న 22,100 చేతుల మీదా ఒక్కో చిప్ పెట్టామనుకుంటే, మొదటి పట్టికలో గెలిచేవి 15,928, ఉత్త చేతుల మీద పోయేవి 16,440. లోటు 512, అంటే నూటికి 2.32. రెండో పట్టికలో 1,096 కలర్లకీ ఒక్కో చిప్ తగ్గింది కాబట్టి లోటు 1,608కి చేరి నూటికి 7.28 అవుతుంది. బొమ్మలు, సౌండ్లు, రంగులు అన్నీ ఒకటే, పోయే డబ్బు మాత్రం మూడింతలకు పైనే. పట్టికలో కలర్ గడి చూడకుండా పెయిర్ ప్లస్ పెట్టకండి.

సిక్స్ కార్డ్ బోనస్ అనేది ఇంకోటి. మీ మూడు, డీలర్ మూడు కలిపి అందులోంచి మంచి ఐదు ముక్కల చేయి కడతారు. రాయల్ ఫ్లష్‌కి 1,000 ఇంతలు అని మెరుస్తూ ఉంటుంది. ఆరు ముక్కల్లో రాయల్ ఫ్లష్ పడటానికి ఉన్న అవకాశం 1,08,290లో ఒకటి. దీన్ని నేను ఎవరికీ సిఫార్సు చేయను.

మెట్టు 7: వేగం

ఇంట్లో పేక పంచుకుని, లెక్క చూసుకుని, మధ్యలో టీ తాగుతూ ఆడే ఆటకీ ఆన్‌లైన్‌కీ అసలు తేడా వేగమే. రీబెట్ అనే బటన్ ఉంటుంది, నొక్కితే పాత పందేలే మళ్లీ పడి వెంటనే ముక్కలు వస్తాయి. చేతికి పది సెకన్లు అనుకున్నా గంటకి 360 చేతులు. యాంటీ 10 అయితే, రాణి-6-4 తూచా తప్పకుండా పాటించినా గంటకి సగటున 121 చిప్స్ పోవాలి. సగటు అంటున్నాను, ఒక గంట 400 పైకీ, ఇంకో గంట 500 కిందికీ వెళ్లొచ్చు. ఉత్తుత్తి చిప్స్ అయినా ఈ లెక్క రాసి చూసుకోండి. ఒక నోట్‌బుక్‌లో మొదలుపెట్టినప్పటి చిప్స్, ఆపేసినప్పటి చిప్స్, ఎన్ని చేతులు ఆడారో రాస్తూ పోతే ఈ ఆటలో డబ్బు సంపాదించే టెక్నిక్ ఉందని చెప్పే యూట్యూబ్ వీడియోలు చూడాల్సిన పనే ఉండదు. అలాంటి టెక్నిక్ లేదు. ఎంత బాగా ఆడినా నూటికి 3.37 కింద ఉన్నారు, పైకి రాలేరు.

లైసెన్స్ ఉన్న చోట్ల ఉంటున్నవాళ్లకి

డబ్బుతో ఆడాలని నేను చెప్పట్లేదు, ఆడేవాళ్లు ఎలాగూ ఆడతారు కాబట్టి చెప్తున్నాను. సైట్ అడుగున ఉండే లైసెన్స్ వివరాలని మీ రాష్ట్ర నియంత్రణ సంస్థ జాబితాతో పోల్చి చూసుకోండి, బ్రిటన్‌లో అయితే గ్యాంబ్లింగ్ కమిషన్ రిజిస్టర్‌తో. అకౌంట్ తెరిచిన రోజే, ఒక్క పందెం కూడా పెట్టకముందే, డిపాజిట్ లిమిట్ సెట్ చేయండి. ఆడుతుండగా పెట్టుకున్న లిమిట్‌కి విలువుండదు. వెల్‌కమ్ బోనస్ తీసుకునే ముందు ఎన్నింతలు పందెం కాస్తే ఆ డబ్బు బయటికి తీయనిస్తారో చదవండి, చాలాచోట్ల టేబుల్ ఆటల్లో పెట్టిన పందెంలో కొంత భాగమే దానికింద లెక్కకొస్తుంది. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో ఆడటమే నిషేధం, మీరు ఏ దేశంలో ఉన్నా ఆ రూల్ మీకు మీరే పెట్టుకోండి. అప్పు చేసి ఆడిన ఆట ఎవరికీ కలిసిరాలేదు.

బ్రిటన్‌లో గ్యామ్‌స్టాప్‌లో ఒకసారి పేరు నమోదు చేసుకుంటే లైసెన్స్ ఉన్న సైట్లన్నీ మిమ్మల్ని బయటే ఉంచుతాయి. అమెరికాలో 1-800-గ్యాంబ్లర్ హెల్ప్‌లైన్ ఉంది. ఇండియాలో మీకైనా ఇంట్లోవాళ్లకైనా ఆట ఆపలేని పరిస్థితి వచ్చిందంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడాల్సిన పని లేదు, జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లమూ?

ఇప్పుడు పేక పట్టుకుని చూడండి

ఫోన్ పక్కన పెట్టి ఇంట్లో పేక తీయండి. మూడేసి ముక్కలు తిప్పుతూ ప్లే, ఫోల్డ్ అని పైకే అనండి. ఆలోచించకుండా జవాబు వచ్చేదాకా యాప్ తెరవక్కర్లేదు. మచ్చుకి ఆరు చేతులు, రంగు చెప్పకపోతే వేర్వేరు రంగులనుకోండి.

రాజు-4-2: ప్లే. బలహీనంగా కనిపిస్తుంది గానీ రాజు ఉంటే ఆడాల్సిందే.

జాకీ-10-8: ఫోల్డ్. సీక్వెన్స్‌లా ఊరిస్తుంది, 9 లేదు కాబట్టి ఉత్త జాకీ చేయి.

రాణి-6-3: ఫోల్డ్. గీతకి ఒక్క మెట్టు కింద.

2-2-5: ప్లే. ఎంత చిన్నదైనా జత జతే.

ఆసు-2-3: ప్లే. సీక్వెన్సుల్లో చిన్నదే అయినా యాంటీ బోనస్ ఒకటింతలు వస్తుంది.

మూడూ ఆఠీనులో 9-6-2: కలర్, ప్లే. యాంటీ బోనస్ మాత్రం సీక్వెన్స్ నుంచే మొదలవుతుంది కాబట్టి దీనికి బోనస్ లేదు, పెయిర్ ప్లస్ పెట్టి ఉంటే పట్టికని బట్టి 3 లేదా 4 ఇంతలు వస్తుంది.